చలికి పైరు అలవాటు పడుతుందా? వరి నారు, పొట్ట దశ, శనగ, మామిడి మీద చర్చ

ఉదయగిరి_మెట్ట
బోరు కింద పోసిన నారుమడి, 5 సెంట్లు, వయసు 18 రోజులు. రకం ఎన్.ఎల్.ఆర్ 34449. తెల్లవారుజామున గెనిం (మడి గట్టు) మీద పెట్టిన థర్మామీటరు 16 డిగ్రీలు చూపిస్తోంది, పగలు 29 దాకా పోతోంది. నారు రెండో ఆకు దగ్గరే ఆగింది, పసుపెక్కింది. దుకాణంలో ‘చలి తట్టుకునే మందు’ అని ఒక డబ్బా అంటగడుతున్నారు. పెద్దోళ్లేమో నాలుగు రోజులు పోతే చలికి అదే అలవాటు పడతది, ఏమీ వెయ్యొద్దంటున్నారు. గోధుమ మంచులో కూడా బతుకుతుంది గదా, మరి వరి ఎందుకు బతకదు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండన్నా.

కోవూరు_కయ్య
ముందు ఇవాళ సాయంత్రం ఏం చెయ్యాలో చెప్తా. ‘ఎందుకు’ అన్నది తర్వాత శాస్త్రం తెలిసినవాళ్లు చెప్తారు.

సాయంత్రం 5 గంటలకు బోరు వేసి మడిలో 3–4 సెం.మీ. నీరు నిలపండి. నారు కొసలు పైకి కనపడాలి, పూర్తిగా ముంచొద్దు. మన బోరు నీరు చలికాలంలో కూడా 27–28 డిగ్రీల దగ్గర ఉంటుంది, తెల్లవారుజాము గాలి కన్నా పది డిగ్రీలు వెచ్చన. ఉదయం 8 గంటలకు ఆ నీరంతా తీసేయండి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. రాత్రంతా చల్లబడిన నీరు మడిలోనే ఉంటే ఎండ వేడంతా దాన్ని కాచడానికే సరిపోతుంది, వేరు దగ్గర మట్టికి చేరదు. పదకొండు దాకా మడి బురద బురదగా ఎండ కాగాలి. ఆ తర్వాత పలచగా కొత్త నీరు.

రాత్రి 15 కన్నా దిగుతుందనిపిస్తే కప్పు వేయండి. సరివి కర్రలు వంచి అడుగున్నర ఎత్తు కమానులు కట్టి, వాటి మీద పాలిథీన్ పట్టా గానీ కుట్టిన యూరియా సంచులు గానీ పరవండి. పట్టా ఆకుకు తగలకూడదు, తగిలిన చోట ఆకు కూడా పట్టాతో సమానంగా చల్లబడుతుంది. ఉదయం 8 గంటలకు కప్పు తియ్యడం మరిస్తే పది గంటలకల్లా లోపల 40 దాటుతుంది. అప్పుడు చలికి బతికిన నారు ఉడుక్కి పోతుంది.

యూరియా మాత్రం ఇప్పుడే చల్లొద్దు.

పైరు_శరీరశాస్త్రం
‘అదే అలవాటు పడతది’ అన్న మాట సగం నిజం. ఏ సగమో చూద్దాం.

పైర్లు రెండు రకాలు. గోధుమ, బార్లీ, ఆవాలు, బఠాణీ, క్యాబేజీ చల్లటి దేశాల్లో పుట్టినవి. వీటిని కొన్ని వారాలు 2–5 డిగ్రీల్లో ఉంచితే లోపల అంతా సర్దుకుని, తర్వాత గడ్డకట్టే చలికి కూడా నిలబడతాయి. శీతాకాలపు గోధుమను చలి చూపించకుండా నేరుగా మంచులో పెడితే మైనస్ 3–5 దగ్గరే సగం మొక్కలు చస్తాయి. నాలుగైదు వారాలు చలిలో ఉంచి పెడితే గట్టి రకాలు మైనస్ 20 దాకా పోగలవు. అదే విత్తనం, అదే మొక్క, తేడా అంతా ఆ నాలుగు వారాల్లోనే వచ్చింది.

వరి, మొక్కజొన్న, వేరుశనగ, మిరప, దోస, అరటి, పత్తి వేడి దేశాల పైర్లు. వీటికి మంచు అక్కర్లేదు, 10–12 డిగ్రీలకే దెబ్బ తగులుతుంది. ఇవి అసలు సర్దుకోవని కాదు. మొక్కజొన్న మొలకలను 14 డిగ్రీల్లో మూడు రోజులు ఉంచి తర్వాత 4–5 డిగ్రీల్లో పెడితే చాలావరకు బతుకుతాయి, నేరుగా పెడితే చస్తాయి. అంటే కొంత సర్దుబాటు ఉంది, కానీ హద్దు చిన్నది. ఎంత అలవాటు చేసినా వరి మంచు గడ్డను తట్టుకోదు.

లోపల జరిగేది ఇది. కణం చుట్టూ ఉండే పొర కొవ్వుతో తయారైంది. కొబ్బరినూనె చలికి గడ్డకడుతుంది, నువ్వుల నూనె కట్టదు గదా, పొరలోని కొవ్వులో కూడా అదే తేడా ఉంటుంది. చలి తగిలితే తట్టుకునే మొక్కలు తమ పొరలో నువ్వుల నూనె లాంటి కొవ్వు పాలు పెంచుకుంటాయి. పొర బిగుసుకుంటే దానిలో ఉన్న పంపులు ఆగిపోతాయి, లోపలి లవణాలు బయటికి కారతాయి. దీన్ని 1992లో జపాన్ శాస్త్రవేత్త మురాటా బృందం పొగాకు మొక్కలోనే చూపించింది. పొరలోని కొవ్వు రకాన్ని నిర్ణయించే ఒక జన్యువును గుమ్మడి జాతి నుంచి తెచ్చి పెడితే పొగాకు చలికి మరింత సున్నితమైంది. చలికి ఓర్చే అరబిడాప్సిస్ అనే చిన్న ఆవ జాతి మొక్క నుంచి అదే పని చేసే జన్యువు పెడితే ఓర్పు పెరిగింది.

పొర బిగుసుకోగానే కణంలోకి కాల్షియం దూసుకొస్తుంది, చలి వచ్చిందన్న కబురు అదే. ఆ కబురు అందిన పావుగంటలో సి.బి.ఎఫ్. అనే జన్యువులు మేలుకుంటాయి. అవి కొన్ని గంటల్లో వందకు పైగా ఇతర జన్యువులను కదిలిస్తాయి. వాటివల్ల చక్కెరలు, ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం పోగుపడతాయి, నీరు కోల్పోయినా కణాన్ని కాపాడే ప్రోటీన్లు తయారవుతాయి. వరిలో కూడా ఈ జన్యువుల వరుస ఉంది. చలిని పసిగట్టే కోల్డ్1 అనే జన్యువును 2015లో చైనా శాస్త్రవేత్తలు వరిలోనే గుర్తించారు. చల్లటి ప్రాంతాల్లో పండే జపానికా వరిలో అందులో ఒక్క అక్షరం తేడాగా ఉండటం వల్ల ఓర్పు ఎక్కువ. మనం పండించేవన్నీ ఇండికా రకాలు.

గిద్దలూరు_తోట
సార్, అయితే ఒక అనుమానం. చలి మన దగ్గర రెండు నెలలు ఉంటుంది. రెండు నెలల్లో వరి ఆ ‘కొంత సర్దుబాటు’ అయినా తెచ్చుకోవాలి గదా?

పైరు_శరీరశాస్త్రం
మీ గిద్దలూరు వైపైనా, నెల్లూరు వైపైనా చలి ఒక వరుసలో రాదు. డిసెంబరులో ఆకాశం తేటపడి ఉత్తరపు పొడి గాలి తిరిగితే నాలుగైదు రాత్రులు 16–17కి దిగుతుంది. ఇంతలో బంగాళాఖాతంలో అల్పపీడనం పుడుతుంది, మబ్బు కమ్ముతుంది, రాత్రి 22–23కి ఎక్కుతుంది. పోగుచేసుకున్న చక్కెరలను మొక్క పెరుగుదలకు ఖర్చు పెట్టేస్తుంది. సర్దుకోవడానికి వారాలు పడుతుంది, పోగొట్టుకోవడానికి రెండు మూడు వెచ్చటి రోజులు చాలు, ఇది గోధుమలో కూడా అంతే. మబ్బు విడిపోగానే మళ్లీ ఒక్కసారిగా దిగుతుంది. నెమ్మదిగా దిగే చలి నేర్పుతుంది, ఒక్క రాత్రిలో దిగేది దెబ్బ కొడుతుంది. మనకు వచ్చేది ఎక్కువగా రెండో రకం.

అందుకే ఇక్కడ ‘మొక్కకు చలి అలవాటు చేద్దాం’ అనే దారిలో పెద్ద లాభం లేదు. తేదీ, నీరు, ఎరువు మూడూ చూసుకుంటే చాలు.

ఇంకోటి. టీవీలో చెప్పే ఉష్ణోగ్రత మనిషి ఛాతీ ఎత్తులో, నీడపెట్టెలో కొలిచింది. తేటగా, గాలి లేని రాత్రి ఆకు తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. అప్పుడు ఆకు మీద ఉష్ణోగ్రత అంతకన్నా 2–4 డిగ్రీలు తక్కువ. పల్లపు కయ్యల్లోకి చల్లగాలి జారి నిలుస్తుంది, అక్కడ ఇంకా తక్కువ. ఉదయగిరి అన్న గెనిం మీద పెట్టి కొలవడం సరైన పద్ధతే. థర్మామీటరు బుడ్డి నారు కొస ఎత్తులో ఉండాలి, నేలకు తగలకూడదు.

ఇందుకూరుపేట_నారు
16 డిగ్రీల రాత్రి, 29 డిగ్రీల పగలు అంటే సగటు 22 దాటింది. వరి నారు నిజంగా ఆగిపోయేది సగటు 12–13 దగ్గర. ఈ లెక్కన నారు మందగించాలి గానీ రెండో ఆకు దగ్గర నిలబడిపోకూడదు. చలి ఒక్కదాని మీదే నేరం మోపొద్దు. ఈ మూడు చూసి చెప్పండి:

పసుపు ఏ ఆకు మీద ఉంది, ముసలి ఆకా, కొత్త ఆకా?
ఆకు అడుగు భాగంలో ఇటుక రంగు చుక్కలున్నాయా? నడిమి ఈనె తెల్లబడిందా?
బోరు నీరు ఆరిన చోట తెల్లటి పొర కడుతుందా?

నత్రజని తక్కువైతే ముసలి ఆకు మొత్తం సమానంగా పాలిపోతుంది. జింకు అయితే కొత్త ఆకు ఈనె అడుగునుంచి తెల్లబడుతుంది, కింది ఆకుల మీద తుప్పు చుక్కలు. ఇనుము అయితే కొత్త ఆకు మొత్తం తెల్లగా, ఈనెలతో సహా వస్తుంది. చలి దెబ్బ అయితే ఆకుకు అడ్డంగా పసుపు పట్టీ పడుతుంది. చలి రాత్రి మొవ్వులో (నడిమి లేత ఆకుచుట్టలో) ఏ భాగం పెరుగుతోందో అక్కడే పట్టీ, నారంతా ఒకే ఎత్తులో కనపడుతుంది.

ఉదయగిరి_మెట్ట
అడ్డ పట్టీలు లేవన్నా. కింది ఆకుల మీద తుప్పు చుక్కలున్నాయి, కొత్త ఆకు నడిమి ఈనె అడుగున తెల్లగా ఉంది. కాలవలో నీరు ఆరితే తెల్లటి పొర కడుతుంది, అది నిజమే.

ఇందుకూరుపేట_నారు
జింకు లోపం. చలి దాన్ని బయటపెట్టింది, అంతే. చల్లటి మట్టిలో వేరు జింకును, భాస్వరాన్ని సరిగా లాక్కోలేదు. మీ నీటిలో కార్బొనేట్లు ఎక్కువ, అవి ఉన్న జింకును కూడా మట్టిలో బిగించేస్తాయి. రెండూ కలిశాయి.

లీటరు నీటికి 2 గ్రా. జింకు సల్ఫేటు, 5 సెంట్లకు 10 లీటర్ల ద్రావణం సరిపోతుంది. 5 రోజుల తేడాతో రెండు సార్లు, ఎండ పడ్డాక ఉదయం 9–10 మధ్య కొట్టండి. పురుగుమందుతో గానీ, భాస్వరం ఎరువైన డి.ఎ.పి. ద్రావణంతో గానీ కలపొద్దు. భాస్వరంతో కలిస్తే జింకు విరిగి అడుగున పేరుకుంటుంది.

వచ్చే ఏడాదికి నారుమడి ఎరువు లెక్క: 5 సెంట్లకు నత్రజని 2 కిలోలు, అందులో సగం విత్తేటప్పుడు, సగం 12–14 రోజులకు. పొటాష్ కిలో, అంటే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 1.7 కిలోలు. భాస్వరం మామూలుగా కిలో, చలిలో పోసే మడికి రెండు కిలోలు, అంటే సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 12.5 కిలోలు. అది ఆఖరి దమ్ములోనే (నీరు పెట్టి బురదగా దున్నేటప్పుడే) పడాలి, పైన చల్లితే వేరుకు అందదు.

విత్తనం దగ్గర కూడా ఒక మాట. కిలో విత్తనానికి లీటరు నీరు, అందులో గ్రాము కార్బెండజిమ్, 24 గంటలు నానబెట్టాలి. మండె కట్టడం, అంటే నానిన విత్తనాన్ని మూటగట్టి మొలకెత్తించడం, వేసవిలో 24 గంటలు చాలు, చలిలో 36 నుంచి 48 పడుతుంది. గోనె సంచి మీద గోరువెచ్చటి నీరు చల్లి, వరిగడ్డి కప్పి, గాలి తగలని మూల పెట్టాలి. మొలక తెల్లగా ముక్కు చూపితే చాలు. పొడుగు మొలక చల్లితే చల్లటి బురదలో విరుగుతుంది. మొలకే రాని విత్తనం చల్లితే కుళ్లి నల్లబడుతుంది.

గిద్దలూరు_తోట
కోవూరు అన్న 8 గంటలకు కప్పు తియ్యమన్నారు. కానీ ప్రోట్రేల్లో (గుంటలున్న ప్లాస్టిక్ నారు పళ్లేల్లో) దోస, మిరప నారుకు చలి రాత్రి తర్వాత పొద్దున్నే ఎండ తగిలితే ఆకు తెల్లగా కాలుతోంది. అక్కడ ఆలస్యంగా తియ్యమంటారు. ఏది సరి?

పైరు_శరీరశాస్త్రం
రెండూ సరే, పైరును బట్టి. చలిలో కూడా పత్రహరితం వెలుతురును పట్టేస్తూనే ఉంటుంది. ఆ శక్తిని వాడుకుని చక్కెర కట్టే ఎంజైములు మాత్రం మందగిస్తాయి. ఖర్చు కాని శక్తి ఆక్సిజన్‌ను చురుకు విషంగా మార్చి ఆకును లోపలినుంచి కాలుస్తుంది. దోస ఇందులో అతి సున్నితం. దానికి తోడు చల్లటి మట్టిలో వేరు నీరు లాగదు, దోస, చిక్కుడు ఆకుల రంధ్రాలు మాత్రం మూసుకోవు. అందుకే తడి ఉన్నా పొద్దున వాడిపోతాయి. వాడిందని చల్లటి నీరు పోస్తే ఇంకా చెడుతుంది.

ప్రోట్రే నారుకు చలి రాత్రి తర్వాత 50 శాతం నీడ వల 9 దాకా ఉంచండి. నీరు 10 తర్వాత, ఎండకు కాగిన తొట్టి నుంచి పోయండి. నాటే ముందు 5–7 రోజులు నారును గట్టిపరచాలి: తడి తగ్గించడం, వల రోజుకు కొంచెం ఎక్కువసేపు తెరవడం, నత్రజని ఆపడం. సర్దుకోవడం అన్నది మన జిల్లాల్లో పనికొచ్చేది ఇక్కడే. నారు చేతిలో ఉంటుంది కాబట్టి నెమ్మదిగా నేర్పొచ్చు. ఎక్కువ నత్రజని తిన్న మెత్తటి నారు ఎన్ని రోజులు ఆరబెట్టినా గట్టిపడదు.

వరి నారు ఎనిమిది గంటల లేత ఎండకు ఏమీ కాదు, కప్పు కింద తడి నిలిస్తేనే తెగులు.

కోవూరు_కయ్య
నారు సంగతి అయింది గదా. నారు తప్పినా మళ్లీ పోసుకోవచ్చు, పొట్టలో, అంటే కంకి ఇంకా ఆకు తొడుగులోనే ఉన్న దశలో, దెబ్బ తగిలితే పుట్లకు పుట్లు తాలుగా పోతుంది. అసలు భయం అక్కడ. దాని గురించి మాట్లాడుదాం.

పైరు_శరీరశాస్త్రం
అవును. వరి జీవితంలో చలికి అన్నిటికన్నా సున్నితమైనది ఈనిక (కంకి బయటికి రావడం) ముందు 10–11 రోజులు, పుప్పొడి కణాలు విడిపోయే దశ. ఆ మూడు నాలుగు రోజుల్లో పొట్టలోని చిరుకంకి ఉష్ణోగ్రత 20 కన్నా కిందికి పోతే తాలు మొదలవుతుంది, 15–17 రాత్రులు వరసగా వస్తే నష్టం పెద్దది. పుప్పొడికి తిండి అందించే లోపలి పొర ఉబ్బిపోయి, పుప్పొడి ఆకలితో చస్తుంది. ఆడ భాగానికి పెద్దగా ఏమీ కాదు.

ఆ దశను పొలంలో గుర్తుపట్టడం తేలిక. ఆకు తొడుగూ ఆకూ కలిసే చోట చెవుల్లాంటి చిన్న భాగాలుంటాయి. పోటాకు (కంకికి ముందు వచ్చే ఆఖరి ఆకు) చెవులు దాని కింది ఆకు చెవులతో ఒకే ఎత్తుకు వచ్చాయంటే, ఐదు సెం.మీ. అటూ ఇటూ, అదే ఆ దశ. పది చోట్ల పెద్ద పిలక చూసి సగానికి పైగా అలా ఉంటే ఆ వారం జాగ్రత్త.

కోవూరు_కయ్య
తేదీ లెక్క నేను చెప్తా. మన దగ్గర చలి బాగా ముదిరేది డిసెంబరు ఆఖరు నుంచి జనవరి మూడో వారం దాకా.

120 రోజుల రకం అక్టోబరు 20న నారు పోస్తే ఆ సున్నిత దశ సుమారు 80వ రోజు, జనవరి 8. సరిగ్గా చలి నోట్లో. అదే రకం నవంబరు 15న పోస్తే ఫిబ్రవరి 3, గండం గడిచింది. 150 రోజుల బి.పి.టి. 5204 అయితే అక్టోబరు 20న పోసినా దశ 110వ రోజు, ఫిబ్రవరి 7. అంటే సోమశిల జలాశయం నీళ్లు ముందే వచ్చాయని తొందరపడి పోసేవాళ్లు పొడుగు రకం పోయాలి, పొట్టి రకం వాళ్లు ఆగాలి. చలికి పైరు వయసు వారం పది రోజులు సాగుతుంది, అది కూడా కలుపుకోండి. మరీ ఆలస్యం చేస్తే ఏప్రిల్ ఎండలో గింజ పాలు పోసుకోవాలి, అదొక బాధ.

కోవూరు, అల్లూరు, విడవలూరు లాంటి సముద్రపు పక్క మండలాల్లో జనవరి రాత్రి మామూలుగా 20 దగ్గర ఉంటుంది, తాలు చలివల్ల రావడం అరుదు. ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు, అటు కొమరోలు, గిద్దలూరు బోర్ల కింద మాత్రం ఈ లెక్క తప్పకుండా వేసుకోవాలి.

పైరు_శరీరశాస్త్రం
తేదీ దాటిపోయినవాళ్లకు నీరే కంబళి. జపాన్‌లో హొక్కైడో రైతులు పాటించే పద్ధతి ఇది: ఆ దశలో కయ్యలో 15–20 సెం.మీ. నీరు నిలపడం. చిరుకంకి అప్పటికి నేలనుంచి అంత ఎత్తులోనే ఉంటుంది, నీటిలో మునిగి వెచ్చగా ఉంటుంది. ఇందులో ఒక చక్కటి సంగతి ఉంది. దానికి వారం పది రోజుల ముందు నుంచే, చిరుపొట్ట (పిలకలో చిరుకంకి మొదలయ్యే దశ) తర్వాత, 10 సెం.మీ. నీరు పెడితే కంకిలో పుప్పొడి గింజల సంఖ్యే పెరుగుతుంది, తర్వాత కొంత చచ్చినా మిగిలింది చాలుతుంది. ముందు 10, ఆ దశలో 20, రెండూ కలిస్తే ఒక్క 20 కన్నా మేలు.

నత్రజని ఇక్కడ శత్రువు. పైరు నల్లగా, మెత్తగా ఉంటే అదే చలికి తాలు ఎక్కువ పడుతుంది, ఇది జపాన్ ప్రయోగాల్లో పదేపదే తేలింది. చలి వారం ముందుంటే చిరుపొట్ట యూరియా సగానికి తగ్గించండి, పొటాష్ మాత్రం ఆపొద్దు, ఎకరాకు 15–20 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్.

ఉదయగిరి_మెట్ట
20 సెం.మీ. నీరా! మెట్టలో బోరు కింద ఎట్లన్నా? ఎకరాకు పది సెం.మీ. ఎక్కువ పెట్టాలంటేనే నాలుగు లక్షల లీటర్లు. గంటకు 30 వేల లీటర్లు పోసే బోరైతే 13 గంటలకు పైగా తిప్పాలి, అదీ ఇంకుడు లెక్క వెయ్యకుండా. మా గెనేలు జానెడు కూడా ఉండవు.

కోవూరు_కయ్య
నిజమే, ఎకరాలకు ఎకరాలు కుదరదు. మెట్టలో చెయ్యగలిగింది రెండే. గెనేలు ఆ ఒక్క వారానికి పలుగుతో అడుగు ఎత్తుకు తీసి, ఎలక బొక్కలు మూసి, 10 సెం.మీ. నిలపడం. లేదా సాయంత్రం మూడు నుంచి ఎనిమిది దాకా బోరు వేసి 5–6 సెం.మీ. వెచ్చటి నీరు పెట్టడం. అంత లోతు కాకపోయినా తెల్లవారుజామున కంకి దగ్గర ఒకటి రెండు డిగ్రీలు తేడా వస్తుంది. 16కీ 18కీ మధ్య తాలులో తేడా చాలా ఉంటుంది.

రాత్రి నీరు లోపలికి, పగలు బయటికి అన్నది పొట్ట దశలో చెయ్యకండి. అది నారుమడి పద్ధతి. పొట్ట దశలో కయ్య ఆరితే అదొక దెబ్బ.

ఇందుకూరుపేట_నారు
తాలు కనపడగానే ‘చలి’ అనేవాళ్లకు గుర్తులు. చలి తాలు కంకి నిటారుగా, ఆకుపచ్చగా ఉంటుంది, మెడ శుభ్రంగా ఉంటుంది, గింజ నొక్కితే పాలు రావు. కంకి తెల్లబడి, లాగితే సులువుగా ఊడొస్తే కాండం తొలిచే పురుగు. మెడ దగ్గర నల్లటి లేదా గోధుమ రంగు ఉంగరం ఉంటే అగ్గి తెగులు. మన జిల్లాలో ఈ మూడోదే ఎక్కువ. 20 డిగ్రీల రాత్రి, ఆకు మీద మంచు, మబ్బు పట్టిన పొద్దు, ఇవే అగ్గి తెగులుకు పండగ. చలికి అలవాటు పడుతుందిలే అని కూర్చుంటే మెడ విరుగుతుంది. పొట్ట దశ చివర ఐసోప్రోథయోలేన్ లీటరుకు 1.5 మి.లీ., ఎకరాకు 200 లీటర్ల ద్రావణం. ఎన్.ఎల్.ఆర్ 34449కి కొంత తట్టుకునే గుణం ఉంది, బి.పి.టి. 5204కి లేదు.

పూత రోజునే తేల్చుకోవాలంటే పుప్పొడి తిత్తులు చూడండి. లావుగా పసుపుగా ఉంటే మంచివి, సన్నగా తెల్లగా ముడుచుకుంటే చలి తగిలింది. అయొడిన్ చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే మంచి పుప్పొడి నీలి నలుపు, చచ్చింది పసుపు. దగ్గర్లోని డిగ్రీ కాలేజీ వృక్షశాస్త్రం ప్రయోగశాలలో ఈ పని పది నిమిషాలు.

ఒంగోలు_శనగ
వరి సరే. శనగకు చలి ఎంత ఉంటే అంత మంచిదని, మంచుకే పండుతుందని మా వైపు మాట. అందులో ఎంత నిజం?

పైరు_శరీరశాస్త్రం
చల్లదనం నిజం, మంచు అంతగా కాదు. ఒక మంచి రాత్రి కురిసే మంచు 0.2 మి.మీ. అనుకున్నా ఎకరాకు 800 లీటర్లు. పైరుకు రోజుకు కావలసింది 2–3 మి.మీ. పదో వంతు కూడా కాదు. శనగను పండించేది నల్లరేగడిలో దాగిన తేమ, చల్లటి రాత్రుల వల్ల తగ్గిన ఆవిరి, నిదానంగా నిండే గింజ.

చలి మరీ ఎక్కువైతే శనగకు కూడా నష్టమే. రేయింబవళ్ల సగటు 15 కన్నా తగ్గితే పూత వస్తుంది, కాయ పట్టదు. ఉత్తర భారతంలో అది నిజమైన సమస్య. ప్రకాశంలో ఆ సగటు రాదు. మొలక దశలో శనగ చలికి బాగానే సర్దుకుంటుంది, పువ్వు సర్దుకోదు. వరిలో చూసిందే, ఏ పైరులోనైనా మగ పుప్పొడే బలహీనం. మీకు ప్రమాదం అటువైపు: ఫిబ్రవరిలో 35 దాటే ఎండ. నవంబరు దాటి విత్తితే చలి తప్పుతుంది, ఎండ పట్టుకుంటుంది.

ఒంగోలు_శనగ
ఇసుక నేలల్లో డిసెంబరులో వేసే వేరుశనగ మొలవక కుళ్లేది కూడా ఇందుకేనా?

ఇందుకూరుపేట_నారు
అవును. ఐదు సెం.మీ. లోతులో ఉదయం 8 గంటలకు మట్టి 18 డిగ్రీలుండాలి, మూడు రోజులు వరసగా. తక్కువుంటే వారంలో రావాల్సిన మొలక రెండు వారాలు పడుతుంది, ఈలోపు బూజు తినేస్తుంది. పొడి విత్తనం మొదటి కొన్ని గంటల్లో నీరు పీల్చేటప్పుడే చలి తగిలితే పొరలు చిట్లుతాయి, ఆ తర్వాత వెచ్చబడినా కోలుకోదు. అందుకే సాయంత్రం విత్తి తడి పెట్టొద్దు, పది గంటలకు విత్తి అప్పుడే తడి పెట్టండి. కిలో గింజలకు 3 గ్రా. మాంకోజెబ్ పట్టించండి. లోతు 5 సెం.మీ. దాటొద్దు.

ఉదయగిరి_మెట్ట
ఆ డబ్బా మందు సంగతి ఎవరూ చెప్పలేదు.

పైరు_శరీరశాస్త్రం
డబ్బా మీద ఏముందో చూడండి. సాధారణంగా సముద్రపు నాచు రసం, అమైనో ఆమ్లాలు, ఎక్కడైనా సాలిసిలిక్ ఆమ్లం. సాలిసిలిక్ ఆమ్లం ప్రయోగశాలలో పని చేసింది నిజమే: 0.5 మిల్లీమోలార్, అంటే లీటరుకు 69 మిల్లీగ్రాములు. ఆకులకు మేలు చేసింది, వేళ్లకు చెయ్యలేదు. పైగా చలికి ముందు రోజు కొడితేనే, దెబ్బ తగిలాక కాదు. మీ నారుకు ఉన్నది జింకు లోపం కాబట్టి ఆ డబ్బా ఎంత మంచిదైనా దండగ.

ఉలవపాడు_మామిడి
మధ్యలో వస్తున్నా. చలి పడితేనే మామిడి పూస్తుంది. అది కూడా ఈ సర్దుబాటేనా?

పైరు_శరీరశాస్త్రం
కాదు. అది పూతకు వచ్చే సూచన, ఓర్పు కాదు. శీతాకాలపు గోధుమ పూతకు రావడానికి వారాల చలి కావాలి గదా, అది కూడా ఓర్పుకు వేరు సంగతే. రెండూ ఒకే చలిలో జరుగుతాయి కాబట్టి కలిపేస్తారు. మామిడికి ముదిరిన కొమ్మ, దాని మీద 15–20 డిగ్రీల రాత్రులు రెండూ కావాలి. ఆఖరి చిగురు నాలుగైదు నెలలు ముదరకపోతే ఎంత చలి పడినా మళ్లీ ఆకే వస్తుంది. మొగ్గ ఉబ్బాక 1 శాతం పొటాషియం నైట్రేటు, లీటరుకు 10 గ్రా., పూతను ఒక్కసారిగా తెస్తుంది. లేత కొమ్మ మీద కొడితే ఆకే తెస్తుంది. పూత విచ్చాక 15 కన్నా దిగితే పుప్పొడి మొలవదు, పిందె నిలవదు.

పొదలకూరు_నిమ్మ
నిమ్మకు ఆ చలి మన దగ్గర చాలదు కాబట్టే బెట్ట పెడతాం. తడి ఆపడం చలి పనే చేస్తుంది. ఆకు సగం వాలే దాకా చాలు, రాలే దాకా ఆపొద్దు.

ఉదయగిరి_మెట్ట
జింకు రెండు సార్లు కొట్టాం, నీళ్లు చెప్పినట్టే మారుస్తున్నాం. కొత్త ఆకు పచ్చగా వస్తోంది. కానీ నాటే వేళకు నారు వయసు 35 రోజులు దాటుతుంది. ముదురు నారు అవుతుందా?

ఇందుకూరుపేట_నారు
చలిలో రోజులు లెక్కపెట్టొద్దు, ఆకులు లెక్కపెట్టండి. నాలుగు నుంచి ఐదు ఆకులుంటే నాటొచ్చు, అది 38 రోజులైనా సరే. ఆరో ఆకు వచ్చి కణుపు కనపడితే ముదిరినట్టు. అప్పుడు కుదురుకు రెండు మూడు బదులు నాలుగు మొక్కలు, 15×10 సెం.మీ. దూరం, చదరపు మీటరుకు 66 కుదుళ్లు. కొసలు రెండంగుళాలు తుంచి నాటితే కాండం పురుగు గుడ్లు కూడా పోతాయి. నారు పీకే ముందు రోజు సాయంత్రం మడికి నీరు పెట్టండి, చల్లటి బిగుసు మట్టిలో పీకితే వేళ్లు తెగుతాయి. నాటడం ఉదయం పది తర్వాతే మొదలుపెట్టండి, కయ్య నీరు అప్పటికి వెచ్చబడుతుంది.